చుక్క కారని ఇల్లు

ముందుగదిలో కోడలు గిన్నెలు ఎత్తుతోంది. వడగళ్ళు పడ్డ రోజు నుంచి ఆ ఇంట్లో పొద్దున్నే మొదటి పని ఇదే. సోఫా పక్కనున్న బకెట్టు, టీవీ ముందున్న పాలగిన్నె, తలుపు దగ్గరి బేసిను, ఒక్కొక్కటే పెరట్లోకి మోసుకెళ్ళి నీళ్ళు పారబోయాలి, తుడిచి మళ్ళీ అదే చోట పెట్టాలి. ఏ చిల్లు కింద ఏది పెట్టాలో ఆమెకు కంఠతా వచ్చేసింది. పాలగిన్నె మీది చిల్లు చిన్నదే కాని నిలకడ గలది. బకెట్టు మీది చిల్లు గాలి వీస్తే తప్ప పలకదు. బేసిను మీది చిల్లుకు మాత్రం వేళాపాళా లేదు.

ఆమె భర్త అద్దం ముందు తల దువ్వుకుంటూ, తల్లి పెరట్లో ఉందని రూఢి చేసుకుని, గొంతు తగ్గించాడు.

"మధ్యాహ్నం ఇన్సూరెన్సు సర్వేయరు వస్తాడు. నేను షాపులో పర్మిషన్ అడిగి వచ్చేస్తాను. నువ్వు ఇంట్లోనే ఉంటావుగా?"

"క్లినిక్‌కి వెళ్ళి తెరలకి కిటికీల కొలతలు తీసుకుని వచ్చేస్తా. భోజనాల వేళకి ఇంట్లో ఉంటాను. అత్తయ్యకి చెప్పారా?"

"చెప్తా."

"ఎప్పుడు?"

"గుమ్మం దిగేటప్పుడు."

గుమ్మం దిగేటప్పుడు చెప్పడంలో ఒక సుఖం ఉంది. జవాబు వినక్కర్లేదు.

పెద్దావిడకు జీవితంలో ఒకటే సూత్రం. సంసారం గుట్టు, రోగం రట్టు. రోగం సంగతి ఎలా ఉన్నా, గుట్టు విషయంలో ఆవిడ ఇన్నేళ్ళలో ఒక్క మెట్టు దిగలేదు. అంచు విరిగిన కప్పు అలమారలో ఎప్పుడూ మంచి వైపు ముందుకు తిరిగి ఉండేది. దుప్పటి చిరుగు గోడవైపే పడుకునేది. ముందుగదిలో గోడ గడియారం అద్దం పగిలింది. ఆ పగులు మీదుగా ఒక ప్లాస్టిక్ పూలతీగ అందంగా వేలాడుతూ ఉండేది. టైము చూడాలంటే పూలు పక్కకు జరపాలి. కొడుకు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తూ ఊరందరి ముక్కులకూ కళ్ళజోళ్ళు అమరుస్తాడు. తల్లి మాత్రం పెట్టుకోదు. ఎప్పుడో బతిమాలి కళ్ళు పరీక్ష చేయించి తెచ్చిన జోడు, డబ్బాతో సహా అలమారలో అంచు విరిగిన కప్పు వెనక దాక్కుని ఉంది.

"కళ్ళజోడు పెట్టుకుంటే కళ్ళు కనబడట్లేదని టముకు వేసినట్టు కాదూ?" అంటుంది ఆవిడ.

అలాంటి మనిషికి ఇన్సూరెన్సు మాట రుచించదు. ఇంటి మీద అప్పు ఇచ్చినప్పుడు బ్యాంకువాళ్ళే ఆ ఇన్సూరెన్సు అంటగట్టారు. ఇల్లు ఆవిడ పేర ఉంది కనుక, కొడుకు వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టి, చివర్లో ఒక్కమాటే అంది. "పరాయివాణ్ణి పిలిచి మన చిల్లులు చూపించి డబ్బులడగడం నా బొందిలో ప్రాణముండగా జరగదు."

అంచేత కొడుకు ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. వడగళ్ళు పడిన మర్నాటి నుంచీ ఊళ్ళో పెంకుల మేస్త్రీల రేట్లు ఆకాశాన్నంటాయి. వడగళ్ళు వచ్చింది కూడా అక్కణ్ణించే కనుక ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆ ఇంటి కప్పు చూసిన మేస్త్రీ ముందు నాలిక చప్పరించి, తర్వాత తల ఊపి, ఆఖర్న చెప్పిన అంకె ఎంతంటే, కోడలు ఓవర్‌లాక్ మెషీను కోసం కొన్నేళ్ళుగా కుట్టి కూడబెట్టిన డబ్బంతా పోసినా ఒక పక్క కప్పు మిగిలిపోతుంది. ఆ మెషీను వస్తే పక్కగదిలో కుట్టుషాపు పెట్టాలని ఆమె ఆశ. షాపు పేరు కూడా అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఆ ఇంట్లో అందరూ గుట్టుగానే ఉంటారు మరి.

పెద్దావిడ అడిగినప్పుడల్లా కొడుకు "మేస్త్రీతో మాట్లాడానమ్మా, అయిపోతుంది" అనేవాడు. ఆవిడ అయిపోతుందనే అనుకుంది.

గుమ్మం దిగుతూ చెప్పులు వేసుకుంటూ అన్నాడు. "అమ్మా, ఇవాళ ఇల్లు చూడ్డానికి ఒకాయన వస్తాడు."

"ఎవర్రా?"

"వస్తాడమ్మా. అన్నీ దగ్గరుండి చూపించు. మనకి కావలసిన మనిషి. ఆయన సరేనంటే మన కష్టాలు గట్టెక్కినట్టే." ఇంకేమైనా అడిగేలోగా గేటు దాటేశాడు.

పెద్దావిడ ఒక్క క్షణం ఆలోచించింది. ఇల్లు చూడ్డానికి మనుషులు ఎందుకు వస్తారు? పక్కగది ఖాళీగా ఉంది. పాత అద్దెవాళ్ళు వెళ్ళిపోయి చాలా రోజులైంది. నెలనెలా అద్దె వస్తే కష్టాలు గట్టెక్కకేం చేస్తాయి? ఆవిడ మొహం విప్పారింది. వెంటనే కప్పుకేసి చూసింది. ముడుచుకుంది.

ఇలాంటి కొంపలోకి ఎవడొస్తాడు అద్దెకి?

కోడలు కొలతల టేపు సంచిలో వేసుకుని "వెళ్ళొస్తా అత్తయ్యా, మధ్యాహ్నం ఆయన వచ్చేలోగా వచ్చేస్తా" అంది.

"నిదానంగా రా అమ్మా. ఆయన సంగతి నేను చూసుకుంటా కదా."

అత్తగారు ఇంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు కోడలికి ఆశ్చర్యం వేసింది. భర్త ఎలా చెప్పాడో గాని బాగా చెప్పాడనుకుంది. తేలికైన మనసుతో వీధిలోకి నడిచింది.

ఆ వీధిలో గోడలకు సున్నాలు, రంగులు వేసే ఒకతను ఉన్నాడు. అతనెక్కడికెళ్ళినా భుజం మీద నిచ్చెన ఉంటుంది గనక అందరూ నిచ్చెన అనే పిలుస్తారు. అతనికి "కుదరదు" అన్న మాట నోట్లోంచి రాదు. పెద్దావిడ కేకేసింది.

"నిచ్చెనా, అర్జెంటు పని. కప్పుమీద పగిలిన పెంకులన్నీ ఏరి కిందకి దించాలి."

"అలాగేనమ్మగారూ. కొత్తవి ఎక్కడున్నాయి?"

"కొత్తవి తర్వాత. ముందు వీధిలోంచి చూసినవాడికి చిల్లు కనబడకూడదు."

నిచ్చెన తల గోక్కున్నాడు. పెద్దావిడ లోపలికెళ్ళి రెండు ఎర్రదుప్పట్లు తెచ్చింది. ఇంటి పెంకులూ ఎరుపే. దుప్పటి అంచులు పెంకుల కిందకి దోపి, పైన ఎండుటాకులు నాలుగు చల్లితే, వీధిలోంచి చూసినవాడికి కప్పు నిండుగా కనబడింది. నిచ్చెన కిందకి దిగి, తన పనితనానికి తనే మురిసిపోయి, ఇంకో దుప్పటి ఉందా అని అడిగాడు.

పగిలిన పెంకులు గేటు పక్కన కుప్పగా పోశారు. ఎదురింటావిడ గోడ మీంచి తొంగి చూసింది.

"అన్ని పెంకులెక్కడివి పిన్నిగారూ? మీ కప్పుకి దెబ్బ తగిలిందా ఏమిటి?"

"మా కప్పుకి దెబ్బేమిటమ్మా! ఎప్పటివో పాతవి, పెరట్లో అడ్డంగా ఉన్నాయని పారేయిస్తున్నా."

"పారేయడమెందుకు? నాకిచ్చేయండి. మొక్కల చుట్టూ పెట్టుకుంటా."

"బంగారంలా పట్టికెళ్ళు."

ఎదురింటావిడ నిచ్చెనతోనే ఆ పెంకులన్నీ తన వాకిట్లోకి మోయించుకుంది. మొక్కల చుట్టూ పెట్టలేదు. తన కప్పు కింద, చూరు వెంబడి, జారిపడినవి జారిపడినట్టే పరిపించుకుంది. ఆవిడ కప్పుకీ వడగళ్ళు తగిలాయి. కాకపోతే నలుగురికీ చూపించుకునేంత తగల్లేదు.

ఇక మిగిలింది ఇంటి లోపల. కుర్చీలో కూచుని తలెత్తితే చాలు, దుప్పటి ఎరుపు కనబడుతుంది. పెద్దావిడ అటూ ఇటూ చూసింది. కోడలి కుట్టుమెషీను పక్కన, క్లినిక్ తెరల కోసం నిన్ననే వచ్చిన కొత్త తాను, మీగడరంగులో, మడత విప్పకుండా ఉంది.

"నిచ్చెనా, ఈ బట్టని ఈ గోడ మీంచి ఆ గోడకి సాగదీసి కట్టగలవా? కప్పు కింద ఇంకో కప్పులా ఉండాలి."

"అలాగేనమ్మగారూ. కాని కోడలమ్మగారిది కదా..."

"కత్తిరించమన్నానా, చింపమన్నానా? సాయంత్రానికి విప్పి మడతేసి పెట్టేస్తాం. మూడోకంటివాడికి తెలియదు."

బట్ట బిగించాక ముందుగది పెళ్ళివారి విడిదిలా కళకళలాడింది. పెద్దావిడ బకెట్టు, పాలగిన్నె, బేసిను స్నానాలగదిలో పడేసి, గడియారం మీద పూలతీగ సర్ది, అన్నిటికన్నా గట్టి కుర్చీ గది మధ్యలో వేసింది. నిచ్చెన నిచ్చెనెత్తుకుని వెళ్ళిపోయాడు. బయట మబ్బు పట్టింది. ఆవిడ చూడలేదు. కళ్ళజోడు లేదు కదా.

సర్వేయరు చెప్పిన వేళకన్నా ముందే వచ్చాడు. ఎదురింటి పని తొందరగా తెమిలింది. తాటిచెట్టంత మనిషి. చాలా ఇళ్ళ గుమ్మాలకు తల కొట్టుకున్నవాడిలా, ఇక్కడ గుమ్మం ఎత్తుగానే ఉన్నా వంగే లోపలికొచ్చాడు. జేబులోంచి గుర్తింపు కార్డు తీసి చూపించాడు.

"మీ అబ్బాయిగారు చెప్పే ఉంటారు. ఇల్లు చూడ్డానికొచ్చానమ్మా."

"చెప్పాడు, చెప్పాడు. కార్డులెందుకు బాబూ, మనిషిని చూస్తే తెలియదూ! కూచో."

అతను కూచుని, అట్ట మీద కాగితం పెట్టుకున్నాడు. "ఇంటి యజమాని మీరే కదమ్మా?"

"నేనే. మా ఆయన దగ్గరుండి కట్టించారు. రాయిలా ఉంటుంది."

"పైకప్పు ఎలా ఉంది?"

"కప్పుకేం బాబూ, మహారాజులా ఉంది. చుక్క కారితే నన్నడుగు."

సర్వేయరు కలం ఆగిపోయింది. వారం రోజులుగా ఊరంతా తిరుగుతున్నాడు. కప్పు బాగుందన్న మాట వినడం ఇదే మొదలు.

"మరి మొన్న వడగళ్ళు పడ్డప్పుడు?"

"మా ఇంటి మీద పెద్దగా పడలేదు."

"ఎదురింటి మీద పడి, ఇటు పడలేదా?"

"ఎవరి అదృష్టం వాళ్ళది," అంది పెద్దావిడ నమ్రతగా. "అది సరే, మీరెంతమంది?"

"ఎవరమ్మా?"

"అదే, మీరు."

"నేనొక్కణ్ణేనమ్మా. ఈ వీధంతా నేనే చూసుకోవాలి."

"వీధంతా చూడ్డమెందుకు బాబూ కాళ్ళు నెప్పి! ఇదే ఖాయం చేసుకో. ఇంతకన్నా మంచిది దొరకదు. భార్యాపిల్లలున్నారా?"

"ఉన్నారమ్మా."

"వాళ్ళని కూడా తీసుకొచ్చి ఓసారి చూపించు. ఆడవాళ్ళకి నచ్చాలిగా ముందు."

సర్వేయరు ఆవిడ మొహంలోకి చూశాడు. వెటకారం ఏ కోశానా లేదు. మనసులో ఏదో కూడి తీసేసి, వయసు మీద పడిందనుకుని, కాగితం వైపు తిరిగాడు.

"మరి అడ్వాన్సు సంగతి?" అంది పెద్దావిడ, మర్యాద తగ్గకుండా.

"అడ్వాన్సు ఇవ్వడం మా పద్ధతి కాదమ్మా. ముందు నష్టమెంతో చూడాలి."

"అడ్వాన్సు ఇవ్వకపోతే నష్టం మాకే కదా నాయనా!"

సరిగ్గా అప్పుడు వాన మొదలైంది.

మొదట పెంకుల మీద టపటపమంది. తర్వాత ఏకధారగా దంచింది. ఎర్రదుప్పట్లు తాగగలిగినంత తాగి, ఇక మా వల్ల కాదని వదిలేశాయి. ఇదివరకు మూడు చిల్లుల్లోంచి మూడు గిన్నెల్లోకి పద్ధతిగా పడే నీళ్ళు ఇప్పుడు ఒక్క బట్టలోకి చేరాయి. కొత్త బట్ట, నేత గట్టిది. ఒక్క చుక్క కారలేదు. గది మధ్యలో, కుర్చీకి సరిగ్గా పైన, బట్ట మెల్లగా పొట్ట పెంచింది.

పెద్దావిడకు ఆ అంతంతమాత్రం చూపులోనూ ఆ పొట్ట కనబడింది. సర్వేయరు తలొంచుకుని రాసుకుంటున్న అదను చూసి, గోడకానించిన చీపురు తీసుకుని, దాని పిడితో పొట్టను మెల్లగా పక్కకు నెట్టింది. అది గుడగుడమంటూ టీవీ మీదకు వెళ్ళింది. టీవీ తడిస్తే కొంప మునుగుతుంది. మళ్ళీ ఇటు నెట్టింది. గుడగుడమంటూ యథాస్థానానికి వచ్చింది.

సర్వేయరు తలెత్తాడు. "ఏమిటమ్మా ఆ చప్పుడు?"

"పిల్లి."

"కప్పు మీదా?"

"ఊఁ. కడుపుతో ఉంది పాపం. బరువుగా నడుస్తుంది."

"చీపురెందుకమ్మా పట్టుకున్నారు?"

"బూజులు. బూజంటే నాకు గిట్టదు."

ఇంతలో గేటు చప్పుడైంది. కోడలు తడిసి ముద్దై, చెప్పులు చేత్తో పట్టుకుని, పరుగున లోపలికొచ్చింది. ముందు సర్వేయర్ని చూసింది. తర్వాత గది మధ్యలో గిన్నెలు లేకపోవడం చూసింది. తర్వాత తలెత్తి, క్లినిక్ వాళ్ళ తెరల బట్ట నీళ్ళు నింపుకుని తన ఇంటి కప్పుకు వేలాడుతుండటం చూసింది. 

ఆ సర్వేయరు మర్యాద తెలిసిన మనిషి. ఇంటి ఇల్లాలు గదిలోకొస్తే కూచుని ఉండటం అతనికి అలవాటు లేదు.

"కూచోండి! లేవకండి!" అంది కోడలు కంగారుగా.

అతను అప్పటికే లేచాడు. తాటిచెట్టంత మనిషి తల వెళ్ళి పొట్టకు తగిలింది. ఒక మూల ముడి ఊడింది. వాన మొదలైనప్పటి నుంచి ఆ ఇంటికి రావలసిన నీళ్ళన్నీ ఒక్కసారి వచ్చాయి.

చప్పుడు ఆగాక చూస్తే, సర్వేయరు నిలబడిన చోటే నిలబడి ఉన్నాడు. అట్ట మాత్రం చంకలో భద్రంగా దాచాడు. తల మీంచి మీగడరంగు బట్ట కొత్త పెళ్ళికూతురి మేలిముసుగులా జారింది. తలుపు దగ్గర గొడుగు మూస్తూ కొడుకు ప్రత్యక్షమయ్యాడు.

"అయ్యయ్యో, సర్వేయరు గారూ!"

"సర్వే ఏమిట్రా?" అంది పెద్దావిడ. "అద్దెకి రాలేదూ?"

"అద్దెకా? ఎవరూ?"

"నువ్వే కదరా ఇల్లు చూడ్డానికొస్తాడన్నావు!"

"ఇన్సూరెన్సమ్మా! కప్పు చూడ్డానికి!"

వీధిలోంచి ఒక కేక వినిపించింది. నిచ్చెన. "అమ్మగారూ! మన కప్పుమీది దుప్పటి ఒకటి గాలికి లేచి ఎదురింటి చెట్టెక్కింది! చిల్లులు మళ్ళీ కనబడుతున్నాయి! ఇంకో దుప్పటి వేయమంటారా?"

కోడలు తువ్వాలు తెచ్చి సర్వేయరు చేతికిచ్చింది. స్నానాలగదిలోంచి గిన్నెలు తెచ్చి వాటి వాటి చోట్లలో పెట్టింది. బేసిను పాట మొదలెట్టింది.

సర్వేయరు తల తుడుచుకుని కుర్చీ కాస్త పక్కకు జరుపుకుని కూచున్నాడు. కోపంగా ఉన్నాడేమోనని ముగ్గురూ చూశారు. అతని భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి గాని తెలియలేదు, నవ్వుతున్నాడని.

"వారం నుంచి చూస్తున్నానండీ. ఒకాయన కప్పు చూద్దామని ఎక్కితే, పెంకుల మధ్య ఆయన సుత్తి దొరికింది. ఇంకొకాయన వడగళ్ళని ఫ్రిజ్జులో దాచాడు, సాక్ష్యానికి. లేని చిల్లు చూపించినవాళ్ళని బోలెడు మందిని చూశాను. ఉన్న చిల్లుకి దుప్పటి కప్పినవాళ్ళని చూడ్డం ఇదే మొదటిసారి."

"అయితే మాకు శాంక్షనైనట్టే కదండీ?" అన్నాడు కొడుకు ఆశగా. "కళ్ళారా చూశారు కూడా."

"చూడ్డమేమిటి, తడిశాను. కాని ఇల్లు అమ్మగారి పేర ఉంది. కప్పుకి ఏ నష్టమూ లేదని ఆవిడ నోటితో చెప్పారు, నేను రాసుకున్నాను. ఇప్పుడు దెబ్బతిందని కూడా ఆవిడే చెప్పాలి. చెబితే కొట్టేసి మళ్ళీ రాస్తా."

అందరూ పెద్దావిడ వైపు చూశారు. ఆవిడ చీపురు ఇంకా పట్టుకునే ఉంది.

"నేను చెప్పను."

"అమ్మా!"

"నా ఇల్లు చిల్లులదని నా నోటితో పరాయివాడికి చెప్పను. ఏమనుకోకు బాబూ, నువ్వు మంచివాడివే. బాగుచేయించుకునే డబ్బు మాకుంది. మా వాడు మేస్త్రీతో మాట్లాడాడు."

కొడుకు నేల చూపులు చూశాడు. "డబ్బు లేదమ్మా."

"లేకపోవడమేమిటి? అయిపోతుందన్నావుగా!"

"ఉన్నది దాని మెషీను డబ్బు. అదంతా పోసినా చాలదు."

"ఏం మెషీను?"

కోడలు తడిబట్ట మడతపెడుతూ, తలెత్తకుండా చెప్పింది. అంచులు కుట్టే మెషీను. పక్కగదిలో షాపు. ఆ గది అద్దెకివ్వకుండా ఇన్నాళ్ళూ భర్త ఏవో సాకులు చెబుతున్నది అందుకే.

పెద్దావిడ చాలాసేపు కోడల్నే చూసింది. "ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఒక్కసారి నాతో అనలేకపోయావుటే?"

"సంసారం గుట్టు కదా అత్తయ్యా," అంది కోడలు. ఎత్తిపొడుపుగా అనలేదు. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు అంది.

పాలగిన్నెలో టప్‌మని ఒక చుక్క పడింది. పెద్దావిడ చీపురు గోడకానించింది. సర్వేయరు వైపు కాక గడియారం వైపు తిరిగి, గొంతు సవరించుకుంది.

"కారుతుంది."

"ఏమిటమ్మా?" అన్నాడు సర్వేయరు. నిజంగానే వినబడలేదు.

"కారుతుంది బాబూ, కప్పు కారుతుంది!"

"ఎక్కడెక్కడ కారుతుందో చెబితే రాసుకుంటా."

"ఎక్కడ కారదో అడుగు, తొందరగా అయిపోతుంది."

ఆ తర్వాత ఆవిణ్ణి ఆపడం ఎవరి తరమూ కాలేదు. వంటిల్లు చూపించింది, పడకగది చూపించింది. కప్పు కింద చూపించాల్సినవి అయిపోయాక మిగతావి మొదలుపెట్టింది. పెరటి తలుపు గడియ పడదంది. అలమార తెరిచి కప్పు తిప్పి విరిగిన అంచు చూపించింది. దుప్పటి చిరుగు వెలుగులోకి లాగింది. గడియారం మీది పూలతీగ ఒక్క గుంజు గుంజింది.

"ఇది కూడా వడగళ్ళకే పగిలిందామ్మా?" అన్నాడు సర్వేయరు కలం ఎత్తి.

"కాదు బాబూ, మా ఆయన ఎలక మీదకి చెప్పు విసిరారు. ఆయన గురి అంత గొప్పది. గాలికి పడిందని అందరికీ చెప్పాం."

"నాకూ అలాగే చెప్పావు," అన్నాడు కొడుకు.

"నువ్వు అందరిలోకీ రావా మరి? ఇంకోటి కూడా రాసుకో బాబూ. నాకు చూపు ఆనట్లేదు. మూడేళ్ళయింది."

"కళ్ళు వడగళ్ళ కిందకి రావమ్మా," అన్నాడు సర్వేయరు మెత్తగా.

కొడుకు తన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

వాన వెలిసింది. సర్వేయరు నిచ్చెన నిచ్చెన మీదే కప్పెక్కి దిగి, కాగితం నింపి, పెద్దావిడ చేత సంతకం పెట్టించాడు. కప్పు పాతది గనక కంపెనీ కొంత కోస్తుందని, మిగతా ఖర్చు మాత్రం వస్తుందని, మెషీను డబ్బు ముట్టుకునే పని ఉండకపోవచ్చని చెప్పాడు. తర్వాత గుమ్మం దగ్గర ఆగి, కాస్త మొహమాటంగా గొంతు తగ్గించాడు.

"ఒక్క చిక్కుందండీ. పగిలిన పెంకులు పడ్డ ఇంట్లోనే ఉండాలి. రేపు పొద్దున వచ్చి ఫోటో తీసుకుంటా. అవి లేకపోతే మా పైవాళ్ళు ఒప్పుకోరు. కప్పుమీద చిల్లులున్నాయి సరే, పెంకులేవీ అంటారు." తల గోక్కున్నాడు. "మీకెందుకు చెబుతున్నానంటే, ఇందాక ఒక ఇంట్లో చూశాను. చూరు కిందంతా ఎర్రపెంకుల ముక్కలు. కప్పుకేసి చూస్తే బూడిదరంగు. ఈ ఎర్ర కప్పు ఎవరిదా అని అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను. అంతకుమించి నేను మాట్లాడకూడదు, అది వాళ్ళ ఫైలు."

అలవాటు చొప్పున వంగి గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

లోపల ముగ్గురూ కూచున్నారు. టీ పెట్టుకున్నారు. ఎవరూ తాగట్లేదు.

"ఇచ్చేసినవి వెనక్కి ఎలా అడుగుతాం?" అన్నాడు కొడుకు. "పైగా నేనడిగితే, నువ్వు దొంగవి అన్నట్టుంటుంది."

"ఆవిడ బట్టలు కుట్టడానికి నా దగ్గరే ఉన్నాయి," అంది కోడలు. "నేనడిగితే ఆ బట్టలు కూడా అడిగి పట్టుకుపోతుంది."

"ఇంతకీ నీ తాను పాడైందా?"

"లేదు. కొత్త బట్ట ఎలాగూ ఒకసారి నానబెట్టి ఆరేశాకే కత్తిరించాలి. లేకపోతే కుట్టాక కురచైపోతుంది." ఆమె అత్తగారి వైపు చూసి నవ్వింది. "ఆ పని అత్తయ్య చేసిపెట్టారు."

పెద్దావిడ నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టి లేచింది. అలమార దగ్గరికి వెళ్ళి, అంచు విరిగిన కప్పు పక్కకు జరిపి, వెనకనుంచి డబ్బా తీసింది. కళ్ళజోడు ముక్కు మీద పెట్టుకుని, గదిని ఒకసారి, కొడుకుని ఒకసారి, కోడల్ని కాస్త ఎక్కువసేపు చూసింది. వంటింట్లోంచి పెద్ద తట్ట తెచ్చుకుంది. చెప్పులేసుకుంది. వీధి వీధంతా చూస్తుండగా గేటు తీసుకుని ఎదురింటివైపు నడిచింది.

లోటు ఒప్పుకుంది గాని, పెంకులు వదులుకుంటానని ఆవిడ ఎవరికీ చెప్పలేదు.